గుండ్లకమ్మ యొడ్డున పసుల మేత



చరిత్ర యనగానే మనకు రాజులును, కోటలును, యుద్ధములును జ్ఞప్తికి వచ్చును. రాజు దండెత్తి వచ్చిన తిథి శాసనములందు కానవచ్చును. పసులమంద యేరు దాటిన తిథి యే శాసనమునను కానరాదు. కాని గిద్దలూరు, కంభము, మార్కాపురము సీమల జనులకు తరతరములుగా కూడు పెట్టినది కాడి. కాడిని లాగినది యెద్దు; ఎద్దును నిలిపినది గడ్డి. ఆ గడ్డి యెచ్చట మొలిచినది, దాని నెవరు మేపుకొనిరి, దానిపై హక్కు ఎవరిదని యెవరు నిర్ణయించిరి అను సంగతులే నేటి నా ప్రసంగమునకు విషయము.

ముందుగా ఆ యేటిని, ఆ నేలను మనసునకు తెచ్చుకొందము. గుండ్లకమ్మ నల్లమల కొండలలో గుండ్ల బ్రహ్మేశ్వరముకడ పుట్టి, జంపలేరు మొదలగు కొండవాగులను కలుపుకొని, కంభము సమీపమున రెండు కొండల నడిమి సందునుండి బయటపడుచున్నది. ఆ సందుననే యేటికి అడ్డముగా కట్టినది కంభము చెరువు. దాని కట్ట యెత్తు 57 అడుగులనియు, నీటి వైశాల్యము సుమారు 15 చదరపు మైళ్ళనియు వెనుకటి ప్రభుత్వపు గెజెటీరు చెప్పుచున్నది. విజయనగరపు కాలమున, 16వ శతాబ్దపు ఆరంభమున, వరదరాజమ్మ యను రాజకుమారి దీనిని కట్టించినదని ప్రతీతి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు దీనిని వారసత్వ కట్టడముగా గుర్తించిరి. చెరువు దాటిన పిమ్మట నది మార్కాపురపు సీమలో వంకరలు తిరిగి, వినుకొండ, అద్దంకి ప్రాంతములమీదుగా సాగి, ఒంగోలు చేరువ సముద్రమున కలియుచున్నది.

పడమట నల్లమల, తూర్పున వెలికొండ, నడుమ రాతినేల. ఇదియే యీ సీమ స్వరూపము. మార్కాపురపు పలక దూరదేశముల బడిపిల్లల చేతులకు సైతము చేరినది. అట్టి పలక దొరకు నేలపై మట్టి పలుచన యని వేరుగ చెప్పనక్కరలేదు. వాన తక్కువ, కురిసిన వానయు ఒక్కపెట్టున కురిసి వాగులలో పడి పోవును. చెరువుల క్రింది ఆయకట్టు దక్క తక్కిన పొలమంతయు ఆకసమువంక చూచునదే. జొన్న, సజ్జ, కొర్ర, ఆముదము పండిన యేడు పండును. పండని యేడు సంసారమును గడుపునది పాడియు, పశువు నమ్మగా వచ్చిన రొక్కమును. కొట్టములో నాలుగు గొడ్లున్నవానికే షాహుకారు అప్పునిచ్చెడివాడు.

ఈ సీమలో పసుల మేతకు ఏడాదిలో మూడు కాలములుండెను. తొలకరి పడి పైరు వేసినతోడనే ఊరి పొలము పసులకు మూతపడును. చేనులో పడిన గొడ్డు తగవు తెచ్చును. కనుక దుక్కిటెద్దులను, పాలిచ్చు ఒకటి రెండు ఆవులను ఇంట నిలుపుకొని, తక్కిన ఆవులను, పడ్డలను, దూడలను, ఒట్టిపోయిన గొడ్లను కాపరుల వశముచేసి కొండకు తోలుచుండిరి. ఆ మాసములలో నల్లమల పచ్చగా నుండును, వాగులు పారుచుండును. కొండమీది బోదగడ్డి లేతగానున్నప్పుడే పసికి రుచి. ముదిరినచో ఇంటి కప్పుకే పనికివచ్చును. అందుచేత మంద సకాలమున కొండ యెక్కవలెను. ఏ వాగుకడ ఎన్నాళ్ళు నిలువవలెనో, ఏ బయలునందు గడ్డి ముందు ముదురునో కాపరి యెరిగియుండవలెను. ఆ విద్య తండ్రినుండి కొడుకునకు నోటిమాటగనే వచ్చినది.

కోతలు ముగిసిన పిదప రెండవ కాలము. చేను మరల ఊరివారి యందరి గొడ్లకును తెరువబడును. మంద కొండ దిగివచ్చి జొన్నకొయ్యలను, గట్లమీది గడ్డిని మేయును. రైతు తన చేనిలో రాత్రులు మంద కట్టించుకొని కాపరికి గింజలు కొలుచును. పేడయు, పంచితమును నేలకు బలము. గింజలు కాపరికి కూడు. ఆ సీమ పలుచని మట్టిని ఇన్ని తరములు పండించినది ఆ యెరువే.

మూడవది ఎండకాలము. ఇది కష్టకాలము. గుండ్లకమ్మ పాయలు పాయలై, పిదప ఇసుకయై మిగులును. ఇసుకలో చెలమలు త్రవ్వి పసులకు నీరు చేదిపోయవలెను. కంభము చెరువులో నీరు వెనుకకు జరిగినకొలది, ఆ తడినేలలో మొలచు పచ్చిక చుట్టుప్రక్కల గ్రామముల గొడ్లకు ప్రాణాధారము. కొండవారను నారేపి చెట్ల యాకు, వెదురాకు కోసి వేయుదురు. ఈ మూడు కాలములును చక్కగ గడచినగాని కొట్టములో పశువు నిలువదు. వీనిలో మొదటిదానికిని, కొంతవరకు మూడవదానికిని అడవియే ఆధారము.

ఇంకొక సంగతి గమనింపదగినది. కొండకు తోలినవి ఈ సీమ పసులు మాత్రమే కావు. నది దిగువనున్న నల్లరేగడి గ్రామములనుండియు, గుంటూరు, నెల్లూరు సీమలనుండియు మందలు పైరుకాలమున నల్లమలకు వచ్చుచుండెను. ఒంగోలు జాతి పశువులకు పుట్టినిల్లు గుండ్లకమ్మకును అల్లూరు ఏటికిని నడుమనున్న దేశమని పశుశాస్త్రజ్ఞులు వ్రాసియున్నారు. అచ్చటి రేగడిలో చెంగలిగడ్డి మంచి మేత. కాని నేల సారవంతమైనకొలది సేద్యము పెరిగి బీడు తరిగినది. పైరు నిలిచిన మాసములలో గొడ్లను ఎచ్చట నుంచుట? పడమటి కొండయే గతి. నీరు తూర్పునకు దిగును; మంద పడమటికి ఎక్కును. ఒక్క యేటి వెంట ఎగువవారికిని దిగువవారికిని ఈ విధమున సంబంధము కుదిరినది.

ఆ దిగువదేశపు పశువులు 19వ శతాబ్దపు ఉత్తరార్ధము నుండి 1960ల వరకు సముద్రములు దాటి బ్రెజిల్ దేశమునకు పోయినవి. అచ్చట నెల్లూరు పేరిటనే ‘నెలోరె’ యని పిలువబడి, నేడా దేశపు మాంసపు పశువులలో అధికభాగమై యున్నవి. కృష్ణకు ఆవలి నల్లమలలో, అమ్రాబాదు ప్రాంతమున, అడవి మేతపైననే పెరిగిన మచ్చల పశువులను ‘పొడ తూర్పు’ జాతి యని 2020లో కేంద్రసంస్థవారు ప్రత్యేకముగ నమోదు చేసిరి. అడవి మేత పసులకు ఆకలి తీర్చుటయే కాదు, జాతినే తీర్చిదిద్దినదనుటకు ఇది నిదర్శనము.

కొండమీద మంద ఒంటరిగా నుండలేదు. అది చెంచుల నేల. బాటలెరిగినవారును, పెద్దపులి జాడ నెరిగినవారును వారే. చెంచుల యూళ్ళను గూడెములనియు, పెంటలనియు పిలుతురు. పెంట యనగా పేడకుప్ప యను అర్థము మనకు నేటికిని వాడుకలో నున్నది. మంద కట్టిన చోటికిని మనుష్యులు నిలిచిన చోటికిని పేరు ఒక్కటే యగుట ఆలోచింపదగినది. దోర్నాల మీది అడవిలోని తుమ్మలబయలు వంటి పేర్లు సైతము మేతబయళ్ళను తలపించుచున్నవి. పూర్వము కనుమలను కాచు తలారి పని చెంచులది. మందను కాచి, తప్పిపోయిన గొడ్డును వెదకి తెచ్చినందులకు కాపరులు వారికి గింజలు, పాలు ఇచ్చుచుండిరి. ఈ యేర్పాటులో తగవులు లేకపోలేదు. కాని యొకరి యవసరము మరియొకరికి తెలియుచుండెను.

కరవు వచ్చినప్పుడు ఈ యేర్పాటు విలువ తెలియును. 1832-33 నాటి నందన కరవును గుంటూరు సీమలో డొక్కల కరవని నేటికిని చెప్పుకొందురు. 1876లో రెండు ఋతుపవనములును తప్పిన ధాత కరవు కర్నూలు మండలమును మరింత దారుణముగ పీడించినది. అప్పుడు కంభము, మార్కాపురము తాలూకాలు ఆ మండలమున నుండెను. 1871 జనాభా లెక్కకును 1881 లెక్కకును నడుమ ఆ మండలపు జనులలో నాలుగవవంతు తగ్గిరి. మనుష్యులే అంతగా నశించినప్పుడు పసుల మాట చెప్పనేల? గొడ్డు చచ్చినవానికి వాన కురిసినను ఫలము లేదు. దున్నుటకు ఎద్దు లేదు. కరవు గడచిన పిమ్మట మందలను మరల పెంచుకొనుటకు రైతులు అడవివంక చూచిరి. సరిగా ఆ సమయముననే అడవికి కంచె పడినది.

ఆ కంచె ఎట్లు పడినదో కొంత వివరముగ చెప్పవలెను. 1800లో నిజాము ఈ సీమను కుంఫిణీవారికి దత్తముచేసెను. తామస్ మన్రో మొదటి ముఖ్య కలెక్టరుగా 1807 వరకు దత్తమండలముల నేలెను. ఈ తాలూకాలు మొదట కడప మండలమున నుండి, 1858లో కర్నూలు మండలమున చేరినవి. అప్పటికి మేతపై పుల్లరి యను పన్ను వాడుకలో నున్నది. పేరులోనే అది గడ్డిపై పన్నని యున్నది. పన్ను పుచ్చుకొనుట వేరు, అడవి యంతయు సర్కారు సొత్తనుట వేరు. 1871లో చెన్నపట్టణపు రెవెన్యూ బోర్డువారే, ఈ రాజధానిలో ఏదోయొక గ్రామపు ఎల్లలకు లోబడని అడవి యరుదనియు, టేకు, చందనము వంటి కొన్ని వస్తువులపై రుసుము తప్ప, అడవిపై సొత్తుహక్కు కలదని సర్కారు ఇటీవలివరకు ఎచ్చటను చెప్పుకొని యుండలేదనియు వ్రాసిరి. ఇది రైతుల పక్షమున పలికిన పరాయి సాక్షి మాట కాదు. సర్కారు కచ్చేరీలో వ్రాసిన మాట.

అదే 1871లో పశువుల అతిక్రమణ చట్టము వచ్చినది. పరులచేని పడిన గొడ్డును బందెలదొడ్డికి తోలుట, రుసుము చెల్లించి విడిపించుకొనుట అను పద్ధతి దానితో స్థిరపడినది. పిమ్మట అడవుల విషయము. రైలుమార్గములకు దిమ్మెలు కావలెను. యంత్రములకు వంటచెరకు కావలెను. కొండలు బోడియగుచున్నవను భయమును గలదు. జర్మనీ దేశీయుడును, హిందూదేశపు అడవులకు మొదటి ఇన్స్పెక్టరు జనరలును అయిన డీట్రిచ్ బ్రాండిస్ 1881లో చెన్నరాజధానికి వచ్చి పరిశీలించెను. 1882లో మద్రాసు అడవి చట్టము పుట్టెను.

ఆ చట్టపు పద్ధతిని పెద్దలు శ్రద్ధగా వినవలెను. ఒక అడవిని రక్షితారణ్యముగ చేయదలచినచో సర్కారు ప్రకటన చేయును. సెటిల్‌మెంటు అధికారి సమీపగ్రామములలో చాటింపించి, మూడు మాసములకు తక్కువకాని గడువు పెట్టును. దారి, నీరు, మేత, అడవి ఫలసాయము వీనిపై హక్కు గలవారు ఆ గడువులోపల వ్రాతమూలకముగ తెలుపుకొనవలెను, లేదా యెదుట హాజరు కావలెను. అడగని హక్కు సామాన్యముగ అంతరించును. కాగితముమీద ఇది న్యాయముగనే కానవచ్చును. కాని యోజింపుడు. కాపరి వానకాలమంతయు కొండమీద, చాటింపు ఊరిలో. వ్రాయుటకు వానికి చదువు రాదు. ఏటేట గొడ్లను తోలుచున్న బాటపై తనకొక హక్కు కలదనియు, దానిని ఒకరి యెదుట అడుగవలెననియు వానికి తోచియే యుండదు. గాలిని పీల్చుటకు అర్జీ పెట్టుకొందుమా? ఈ విధమున తరములనాటి వాడుక మూడు నెలల గడువుతో ముగిసినది. రక్షితారణ్యములో అనుమతి లేక పసులను మేపుట నేరమైనది. ఇంతకుముందు మర్యాదగా సాగినది పర్మిట్టుమీద సాగవలసివచ్చినది. తలకింతయని రుసుము, కొన్ని అడవులలో మేకకు ప్రవేశమే లేదు, దారి తప్పిన గొడ్డు బందెలదొడ్డికి, కాపరి కచ్చేరికి.

దీనిపై ఫిర్యాదులు పెరుగగా 1913లో సర్కారు ఒక అడవుల కమిటీని నియమించినది. గ్రామముల చేరువనున్న కొన్ని అడవులను పంచాయతీల పాలనకు ఇచ్చుట దాని ఫలితమే. కాని అసంతృప్తి తీరలేదు. 1921లో సహాయనిరాకరణోద్యమము వచ్చినప్పుడు, మార్కాపురమునకు ఈశాన్యమున పొరుగుననున్న పల్నాటిలో రైతులు పుల్లరి చెల్లింపమనిరి. అడవి యుద్యోగులను సంఘబహిష్కారము చేసిరి. ఆ పోరాటమున ముందునిలిచిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో మించాలపాడున పోలీసు కాల్పులలో ప్రాణము విడిచెను. దేశచరిత్రలో ఉప్పునకు జరిగిన సత్యాగ్రహమును ఎల్లరు ఎరుగుదురు. దానికి ఎనిమిది యేండ్లు ముందే మన పొరుగున గడ్డికొరకు ఒక మనుష్యుడు ప్రాణమిచ్చెనను మాటను పిల్లలకు చెప్పవలెను.

ఇచ్చట న్యాయముగ మరియొక మాట చెప్పక తప్పదు. అడవిని కాచుట చెడ్డపని కాదు. గుండ్లకమ్మ పుట్టినది అడవిలో. కొండ బోడియైనచో వాన నిలువదు, యేరు నిలువదు, చెరువు పూడును. అడ్డు అదుపు లేక మేపినచోట మొలక నిలువదని మంచి కాపరియు నెరుగును. కనుకనే అతడు మందను ఒక బయలునుండి వేరొక బయలునకు మార్చుచుండెను. దోషము కాపుదలలో లేదు. ఆ బయళ్ళను అంతవరకు కాచుకొన్నవారిని లెక్కలోనికి తీసికొనకపోవుటలో నున్నది. అతనికి తెలిసిన మేతక్రమము కాగితములకెక్కలేదు. కాగితములకెక్కిన నియమము అతనికి తెలియలేదు.

స్వాతంత్ర్యానంతరము కాలము మరికొంత మారినది. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడి, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు కర్నూలునుండి దానిలో చేరినవి; 1972లో దానికి ప్రకాశం జిల్లా యను పేరు వచ్చినది. నల్లమలలో నాగార్జునసాగర్-శ్రీశైలము అభయారణ్యము 1983లో పులుల రక్షణపథకమున చేరగా, మేతకు ఆంక్షలు పెరిగినవి. ట్రాక్టరు వచ్చి దుక్కిటెద్దు తగ్గినది. ఊరి చేరువ పోరంబోకులును, మందబయళ్ళును పెక్కుచోట్ల ఆక్రమణల పాలైనవి. ఒక మేలు మాత్రము నిస్సందేహముగ జరిగినది: మందలకు మందలనే తుడిచిపెట్టుచుండిన ముసరవ్యాధి టీకాల మూలమున సమసిపోయి, 2011లో ప్రపంచమంతట నిర్మూలమైనదని ప్రకటింపబడినది. రోగము పోయినది, మేత తగ్గినది.

ఇక నేటి మాట. 1882లో జరిగినదానికి పరిహారముగనో యనునట్లు 2006లో పార్లమెంటు అటవీహక్కుల చట్టమును చేసినది. అడవిపై ఆధారపడిన జనుల హక్కులలో మేతహక్కును, అనగా ఒకచోట నిలిచి మేపుకొనువారిదియు, ఋతువునుబట్టి మందలతో సంచరించువారిదియు కూడ, ఆ చట్టము పేర్కొన్నది. ఇందు చెంచులవంటి గిరిజనులది ఒక తరగతి. ఇతరులైనచో 2005 డిసెంబరు 13కు పూర్వము మూడు తరములు, అనగా 75 ఏండ్లు, ముఖ్యముగ అడవిలో నివసించి దానిపై జీవించినట్లు నిరూపించుకొనవలెను. పులుల ఆవాసపు నడిమిభాగమున వేరు షరతులు గలవు. హక్కుల విచారణ గ్రామసభతో మొదలగును.

నిరూపణ మెట్లు? ఇచ్చటనే మీ పని యున్నది. ఆ చట్టపు నిబంధనలలో సాక్ష్యముల పట్టిక గలదు. గెజెటీరులు, సర్వే పటములు, అడవి శాఖవారి దస్తావేజులు అందున్నవి. బావులు, శ్మశానములు, పూజాస్థలములవంటి గుర్తులున్నవి. పూర్వపు మేతబయళ్ళున్నవి. వీనితోపాటు, హక్కు కోరువారు కాక వేరైన గ్రామవృద్ధులు చెప్పి వ్రాయించిన వాఙ్మూలమును సాక్ష్యముగ నంగీకరించిరి. ఒక్క సాక్ష్యము చాలదు. రెండవదొకటి తోడు కావలెను. కాని మొదటిది మీ నోటనున్నది. 1882లో మాటకు విలువ లేక పోయినది; నేడు మాటను వ్రాసినచో విలువ గలదు.

ఊరి చేరువ బీళ్ళ విషయమునను ఇంతియే. గ్రామపు ఉమ్మడి భూములను ఆక్రమించినవారిని తొలగించి, వానిని గ్రామమునకు తిరిగి యిచ్చుటకు పథకములు చేయుమని 2011 జనవరిలో సుప్రీంకోర్టు రాష్ట్రములన్నిటిని ఆదేశించినది. మందబయలు ఎంతవరకుండెనో చెప్పగల పెద్ద లేని యూరికి ఆ తీర్పు ఏమి మేలు చేయును?

కావున నా విన్నపమిది. మీ యూరిమంద యే కనుమగుండ కొండ యెక్కెడిదో, ఏ వాగుకడ నిలిచెడిదో, ఏ బయలున ఎన్ని రాత్రులు కట్టెడివారో, చెలమలెచ్చట త్రవ్వెడివారో, చెరువు లోతట్టు పచ్చిక ఏయే గ్రామముల గొడ్లు మేసెడివో మీలో వయసు మీరినవారిని అడుగుడు. చదువుకొన్నవారు కూర్చుండి వ్రాయుడు. బాటల పేర్లను, బయళ్ళ పేర్లను, తగవులు తీర్చిన మర్యాదలను విడువకుడు. పెట్టె అడుగున పాత పుల్లరి రసీదు, మేత పర్మిట్టు ఉన్నచో దానిని చెత్తయని పారవేయకుడు. చెంచుగూడెపు పెద్దలను తప్పక కలుపుకొనుడు. ఆ కొండ ముందు వారిది. వ్రాసినదానిని గ్రామసభలో చదివి, పలువురిచే చేవ్రాళ్ళు చేయించి, ఒక ప్రతిని పంచాయతీలో నుంచుడు.

ఇట్లు వ్రాసినంతమాత్రమున వెనుకటి మందలన్నియు తిరిగివచ్చునని నేను చెప్పజాలను. కాని అడుగనందువలన ఒకమారు పోయిన హక్కు, వ్రాయనందువలన రెండవమారు పోరాదు. ఈ సీమలో గొడ్లబాట నెరిగిన తరము నేడు పలుచనగుచున్నది. వానకాలము ముగిసి మంద దిగునంతవరకు ఆగుడని చెప్పుటకు ఈమారు కాపరులు కొండమీద లేరు. మీరు ఊరిలోనే యున్నారు, మీ చేత కలము ఉన్నది.